టర్బో కారుకి ఎంత పంపు కావాలి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఫోన్ల కంటే కార్ల గోల ఎక్కువగా ఉంది. అందులోనూ మూడు ఫ్యూయల్ పంపు గురించే. అందుకే ఫోన్లవాళ్లను వచ్చేవారానికి జరిపి, ముందు వీటి సంగతి చూద్దాం.

అన్నా, నాది 2011 మోడల్ ఫియట్ లీనియా టీ-జెట్. ఉండేది గుంటూరు. టర్బో పెద్దది వేయించా, 440 సీసీ ఇంజెక్టర్లు (నిమిషానికి 440 సీసీ పెట్రోలు చిమ్మేవి) పెట్టించా, 1.2 బార్ బూస్ట్ (టర్బో గాలిని తోసే ఒత్తిడి) మీద 200 హార్స్ పవర్ టార్గెట్. ట్యూనర్ పంపు కూడా మార్చమంటున్నాడు. గంటకు 255 లీటర్లు పోసేది అని ఒకరు, 340ది అని ఇంకొకరు. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసినాయన అయితే "ఎందుకొచ్చిన గొడవ, 450 పడేయ్, మళ్లీ చూసుకోనక్కర్లేదు" అంటున్నాడు. ఏది కొనాలి?

తమ్ముడూ, 450 మాట మర్చిపో. 255 చాలు, దానికి కారణం చెప్తా, ఎందుకంటే నీ బండిలో అసలు ఇబ్బంది పంపు దగ్గర కాకుండా ఇంకోచోట ఉండే అవకాశం ఉంది.

పంపు పవర్ పెంచదు. ఇంజన్ అడిగినంత పెట్రోలు, అడిగిన ఒత్తిడిలో ఇవ్వడమే దాని పని, అంతకన్నా ఎక్కువ ఇస్తే మిగిలింది తిరిగి ట్యాంకులోకే పోతుంది. కాబట్టి ముందు తేల్చాల్సింది ఇంజన్ ఎంత అడుగుతుందన్నది. టర్బో పెట్రోలు ఇంజన్ ఫుల్ లోడ్‌లో ఒక్కో హార్స్ పవర్‌కి గంటకు 270 గ్రాముల చొప్పున తాగుతుందని లెక్క వేసుకుంటారు, కొంచెం రిచ్‌గా, అంటే పెట్రోలు పాలు ఎక్కువగా, నడపాలి కాబట్టి. 200కి 54 కిలోలు, లీటర్లలో దాదాపు 73. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌కి శక్తి తక్కువ, గాలితో కలవాల్సిన పాలు ఎక్కువ, అందుకని ఇంకో 8 శాతం వేసుకో. 79 అయింది. పంపు పాతబడుతుంది, ఫిల్టర్ మూసుకుంటుంది, వాటికోసం 20 శాతం మార్జిన్ పెట్టుకుంటే 95. నీకు కావాల్సింది గంటకు 95 లీటర్లు, అదీ బూస్ట్ మీద ఉండే ఒత్తిడిలో.

మరి 255 అంటే అందులో రెండున్నర రెట్లు కదా, అది కూడా ఎక్కువే కదా అంటావు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డబ్బా మీద వేసే అంకె ఒక ఒత్తిడి దగ్గర, ఒక వోల్టేజి దగ్గర కొలిచింది, మామూలుగా 3 బార్, 13.5 వోల్టులు. ఇంట్లో బోరు మోటారు కింద తొట్టిలోకి పోసినంత నీళ్లు నాలుగో అంతస్తు ట్యాంకుకి పోయదు చూడు, ఇదీ అంతే, ఎదురు ఒత్తిడి పెరిగేకొద్దీ ధార సన్నబడుతుంది. అందుకే పంపు కొనేటప్పుడు డబ్బా మీద అంకె చూడకు, కంపెనీవాళ్లిచ్చే ఒత్తిడి-ధార గ్రాఫ్ చూడు, అందులో నీ ఒత్తిడి దగ్గర గీత ఎక్కడుందో చూడు. గ్రాఫ్ లేని పంపు జోలికి వెళ్లొద్దు. వాల్‌బ్రో కంపెనీ 255లోనే మామూలు ఒత్తిడిది ఒకటి, హై ప్రెషర్‌ది ఒకటి ఉంటాయి, టర్బోకి తీసుకోవాల్సింది రెండోది, దాని పార్ట్ నంబర్ జీఎస్ఎస్342. 4.2 బార్ దగ్గర (మామూలు 3కి నీ 1.2 బూస్ట్ కలిస్తే వచ్చే ఒత్తిడి) ఎంత తగ్గినా నీ 95కి అది హాయిగా పైనే ఉంటుంది. రేపు బుద్ధి పుట్టి 300 హార్స్ పవర్ అన్నా సరిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ మెకానిక్‌ని అడుగు: ట్యాంకు నుంచి ఇంజన్‌కి ఒకటే పైపు వెళ్తోందా, లేక రెండోది వెనక్కి వస్తోందా? రెండోది ఉండి, ప్రెషర్ రెగ్యులేటర్‌కి (పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసేది) మ్యానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) నుంచి వ్యాక్యూమ్ పైపు కలిపి ఉంటే, బూస్ట్ ఎంత పెరిగితే పెట్రోలు ఒత్తిడి అంతే పెరుగుతుంది. 3 బార్ కాస్తా 1.2 బూస్ట్ మీద 4.2 అవుతుంది. పంపు కష్టం పెరుగుతుంది గానీ ఇంజెక్టర్‌కి రెండువైపులా తేడా ఎప్పుడూ 3 బారే, కాబట్టి 440 సీసీ ఇంజెక్టర్ 440 సీసీలాగే పనిచేస్తుంది. నాలుగూ కలిపి గంటకు 105 లీటర్ల పైమాటే, 85 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) దగ్గర ఆపేసినా 90. పంపుకోసం పెట్టిన మార్జిన్ తీసేస్తే నీకు 79 కావాలి. బ్రహ్మాండం.

ఒకే పైపు ఉండి రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉందనుకో, ఒత్తిడి ఎప్పుడూ ఒకటే, ఉదాహరణకు 3.5 బార్. అవతల మ్యానిఫోల్డ్‌లో 1.2 బార్ బూస్ట్ ఎదురు తోస్తుంటే ఇంజెక్టర్‌కి మిగిలేది 2.3 బార్ తేడా. 3 బార్ దగ్గర 440 ఇచ్చే ఇంజెక్టర్ 2.3 దగ్గర 385 ఇస్తుంది, ధార ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి. నాలుగూ కలిపి 85 శాతం డ్యూటీలో 78న్నర లీటర్లు. నీకు కావాల్సింది 79! అంటే సరిగ్గా అంచు మీద నిలబడ్డావు, అప్పుడు నువ్వు 255 వేసినా, 450 వేసినా, రెండు పంపులు వేసినా ఆ అంచు కదలదు. ఈ లెక్క వేయకుండా పంపు మార్చి, "ఇంకా లీన్‌గానే (పెట్రోలు చాలకుండా) ఉందేంటి" అని తలపట్టుకునేవాళ్లు ఉంటారు. ఒకే పైపు అని తేలితే, రిటర్న్ లైనూ బూస్ట్‌తో పాటు ఒత్తిడి పెంచే (బూస్ట్ రిఫరెన్స్) రెగ్యులేటరూ పెట్టించుకోవడమో, ఇంకో సైజు పెద్ద ఇంజెక్టర్లకి వెళ్లడమో ట్యూనర్‌తో మాట్లాడు. దేంట్లోకి వెళ్లినా మ్యాప్ (ఎప్పుడెంత పెట్రోలు చిమ్మాలో ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పే లెక్క) మళ్లీ చేయాల్సిందే.

450 ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి కదా. అంత ధార వస్తుంటే ఐడిల్‌లో ఇంజన్ తాగేది చెంచాడు, మిగిలిందంతా కంపెనీ రెగ్యులేటర్‌లోని సన్నని బెజ్జంలోంచి వెనక్కి పోవాలి. పోలేక ఒత్తిడి పైకి ఎగబాకుతుంది, ఐడిల్‌లో బండి రిచ్‌గా నడిచి పెట్రోలు కంపు కొడుతుంది. పైగా అదే పెట్రోలు గంటల తరబడి పంపులోంచి తిరిగి తిరిగి వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో పావు ట్యాంకుతో ఇరుక్కున్నప్పుడు ఆ వేడి పెట్రోలు ఆవిరి బుడగలై పంపుకి అందకపోతే అప్పుడు తెలుస్తుంది బాధ. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇంకాస్త తొందరగా ఆవిరవుతుంది. పంపు చల్లబడేది కూడా పెట్రోలుతోనే, అందుకే ఏ పంపు వేసినా ఎండాకాలంలో పావు ట్యాంకు కిందికి దించకు. ఇంకోటి, 450 లాంటివి ఒత్తిడి మీద 15 ఆంపియర్ల దాకా లాగుతాయి, కంపెనీ వైరు దానికి తట్టుకోదు.

వైరు అంటే గుర్తొచ్చింది, 255కి కూడా ఇది వర్తిస్తుంది. ఫుల్ లోడ్‌లో పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడు. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి పంపు దగ్గర 12 వస్తుంటే, కొత్త పంపులో మంచి భాగం వైర్లోనే పోగొట్టుకుంటున్నట్టు. బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి మందపాటి వైరు లాగి, రిలే పెట్టి, ఆ రిలేని పాత పంపు వైరుతోనే ట్రిగ్గర్ చేయించు. డైరెక్టుగా ఇగ్నిషన్‌కి కలిపేసే వాళ్లుంటారు, ఒప్పుకోకు. ఇంజన్ ఆగినా, బండి దేన్నైనా గుద్దినా పంపు ఆగిపోవాలి, అది ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) చేతిలోనే ఉండాలి. ఎర్త్ వైరు కూడా కొత్తది వేయించు, దాన్ని అందరూ మర్చిపోతారు.

అన్నట్టు, ట్యూనర్ పంపు మార్చమన్నాడు సరే, కొలిచి చెప్పాడా ఊరికే చెప్పాడా? పాత పంపుతోనే ప్రెషర్ గేజి, వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో ఉన్నాయో చూపేది) పెట్టి డైనో మీద, అంటే బండిని రోలర్ల మీద నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం మీద, ఒకసారి ఫుల్ థ్రాటిల్లో పరిగెత్తించమను. పై ఆర్‌పీఎంలో ఒత్తిడి ఉండాల్సినదానికన్నా జారుతుంటే పంపు, ఫిల్టర్, వోల్టేజి, ఈ మూడింట్లో ఏదో ఒకటి. ఒత్తిడి నిలబడే ఉండి మిక్స్చర్ మాత్రం లీన్ అవుతుంటే ఇంజెక్టర్లూ, మ్యాపూ. ఈ పరీక్ష మాత్రం కాజ టోల్‌గేటు దాటాక హైవే మీద చేయొద్దు. టర్బో బండి టాప్ ఎండ్‌లో లీన్ అయితే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండటం) మొదలై పిస్టన్ కరగడానికి సెకన్లు చాలు, ఆ స్పీడులో లారీల మధ్య అది జరిగితే పోయేది పిస్టన్ ఒక్కటే కాదు.

బిగించేటప్పుడు రెండు మాటలు. పంపుకీ మూతకీ మధ్య ట్యాంకులో మునిగి ఉండే పైపు ఎస్ఏఈ జే30 ఆర్10 రకం అయ్యుండాలి. బయట వాడే మామూలు ఫ్యూయల్ పైపు లోపల వేస్తే బయటి పొర నానిపోయి పిప్పిపిప్పి అవుతుంది, ఆ పిప్పి వెళ్లి ఇంజెక్టర్లో కూర్చుంటుంది. అడుగున ఉండే జల్లెడ, మూత కింద రబ్బరు రింగు కొత్తవి వేయించు. లోపలి వైర్లు మెలేసి టేపు చుట్టడం చూస్తే వెంటనే ఆపించు. ప్లస్సు మైనస్సు తారుమారైతే పంపు తిరుగుతుంది, శబ్దం కూడా వస్తుంది, ఒత్తిడి మాత్రం రాదు. పంపు ఫ్యూజు తీసి ఇంజన్ ఆగిపోయేదాకా నడిపి, బ్యాటరీ విప్పి, గాలి ఆడే చోట పని మొదలుపెట్టాలి. బీడీ కాలుస్తూ ట్యాంకు మూత విప్పే మేస్త్రీ ఎంత పనిమంతుడైనా దండం పెట్టి వచ్చెయ్.

నకిలీల గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. వాల్‌బ్రో 255కి ఉన్నన్ని డూప్లికేట్లు ఇంకే పంపుకీ ఉండవేమో. అమెరికాలోనే 100 డాలర్లకు అటూఇటూ పలికేదాన్ని ఇక్కడ 1,500 రూపాయలకి, బిల్లు లేకుండా, "సేమ్ టు సేమ్ ఒరిజినల్ అన్నా" అని ఇస్తున్నారంటే అది ఏమిటో నీకే తెలుసు. అధీకృత డీలరు పేరు కంపెనీ సైటులో చూసి, జీఎస్టీ బిల్లు మీద కొను.

ఇక చట్టం సంగతి కూడా ఓ ముక్క. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఏ కింద, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. టర్బో మార్చిన సంగతి ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర కొర్రీ పెడతారు. తెలిసే చేస్తున్నావని అనుకుంటున్నా.

సార్, మాది పటమట. వోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 టీఎస్ఐకి స్టేజ్ 1 రీమ్యాప్ (వేరే పార్టులు మార్చకుండా ఇంజన్ కంప్యూటర్ మ్యాప్ ఒక్కటే మార్చడం) చేయించాను. ట్యాంకులో పెద్ద పంపు వేయకపోతే ఇంజన్ పోతుందని ఒకరు భయపెడుతున్నారు. టెన్షన్‌గా ఉంది, నిజమేనా?

కంగారు పడకండి. మీ బండికీ పై లీనియాకీ పోలిక లేదు. మీది డైరెక్ట్ ఇంజెక్షన్, అందులో రెండు పంపులుంటాయి. ట్యాంకులోది పెట్రోలుని ఇంజన్ దాకా కొద్దిపాటి ఒత్తిడితో పంపుతుంది, అక్కడ క్యామ్ షాఫ్ట్ తిప్పే హై ప్రెషర్ పంపు దాన్ని వందల బార్లకి పెంచి సిలిండర్లోకి నేరుగా చిమ్మేలా చేస్తుంది. టర్బో మార్చకుండా మ్యాప్ ఒక్కటే చేయిస్తే సాధారణంగా ఈ రెండూ తట్టుకునే హద్దులోనే ఉంటుంది. అనుమానం తీరాలంటే ఓబీడీ స్కానర్ (ఇంజన్ కంప్యూటర్ రీడింగులు చదివే పరికరం) పెట్టించి రైలు ప్రెషర్ (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టంలో ఒత్తిడి) లాగ్ తీయమనండి. ఈసీయూ అడిగిందీ వచ్చిందీ రెండు గీతలూ ఫుల్ థ్రాటిల్లో కలిసి నడుస్తుంటే ఏమీ మార్చక్కర్లేదు. వచ్చింది కిందికి జారుతుంటే అప్పుడు ముందు ట్యాంకు వైపు ఒత్తిడి చూడాలి, అది బాగుంటే హై ప్రెషర్ పంపు గురించి ఆలోచించాలి. ఇలాంటి కార్లలో ట్యాంకు పంపుని చాలావరకు ఒక కంట్రోలర్ అవసరాన్ని బట్టి నడుపుతుంది, మామూలు 255 తెచ్చి దాంట్లో ఇరికిస్తే లేని తలనొప్పి తెచ్చుకున్నట్టే. వారంటీలో ఉంటే రీమ్యాప్ సంగతి సర్వీసు సెంటర్ కంప్యూటర్‌కి తెలిసిపోతుందని మాత్రం గుర్తుంచుకోండి.

తెనాలి నుంచి రాస్తున్నానండీ. మా అబ్బాయి కారులో కొత్త పంపు వేశారు, వెనక సీట్లో కూర్చుంటే కీ... అని ఒకటే కూత. అది మామూలేనా?

కొంచెం కూత మామూలేనండీ, పెద్ద పంపులు కంపెనీ పంపు అంత నిశ్శబ్దంగా ఉండవు. పంపు చుట్టూ రబ్బరు తొడుగు వేయకుండా బిగించినా ఇలాగే మోగుతుంది, విప్పించి చూడమనండి. కానీ మధ్యాహ్నం ఎండకి, లేదా పెట్రోలు తగ్గినప్పుడు కూత పెరిగి, బండి గుంజినట్టు అయితే మాత్రం జల్లెడ మూసుకుపోయిందో, పంపుకి పెట్రోలు సరిగ్గా అందట్లేదో. అప్పుడు సగం ట్యాంకు పైన పోయించి చూడండి, కూత తగ్గితే కారణం అదే, షెడ్డుకి తీసుకెళ్లే దాకా బండిని గట్టిగా తోలొద్దని అబ్బాయికి చెప్పండి.