పాత కంప్యూటర్లలో ప్యాకేజీల తంటా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

(కింద చెప్పిన కమాండ్లన్నీ టెర్మినల్‌లో, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ముందు వచ్చే ‘సుడో’ అంటే అడ్మిన్ అధికారంతో నడపమని.)

ప్రశ్న: మా డీటీపీ షాపులో 2 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌లో లుబుంటు (తేలికపాటి లినక్స్) వేసుకున్నాం. పని బాగానే నడుస్తోంది గానీ, కొత్త ప్రోగ్రామ్ కోసం ‘డిస్కవర్’ అనే ప్రోగ్రామ్‌ల దుకాణం తెరిస్తే చాలు, మౌస్ కూడా కదలదు. వేరే దారి ఉందా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఉందండి. డిస్కవర్ తెరవగానే వెనకాల ప్యాకేజ్‌కిట్ అనే సర్వీసు లేస్తుంది. ప్రోగ్రామ్‌ల వివరాలు, బొమ్మలు, రేటింగులు అన్నీ తెచ్చి పేరుస్తుంది. పక్కన బ్రౌజర్ కూడా తెరిచి ఉంటే ర్యామ్ చాలక హార్డ్ డిస్క్‌లో ర్యామ్ బదులు వాడే చోటు, అంటే స్వాప్ మీద పడుతుంది. మౌస్ ఆగేది అక్కడే. నిజానికి ప్యాకేజీ (వేసుకోవడానికి కట్టిన ప్రోగ్రామ్ మూట) తెచ్చి వేసేది అడుగునున్న ఆప్ట్. దాన్ని నడిపే తేలికపాటి కిటికీ సినాప్టిక్. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ సినాప్టిక్’ అని కొడితే వచ్చేస్తుంది. అందం చందం లేని ఉత్త పట్టిక అది. అయినా 2 జీబీ మెషీన్‌కి మా ఓటు దానికే.

వేశాక సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, జనరల్‌లోకి వెళ్లి, రికమెండెడ్ ప్యాకేజీలను (ఉంటే మేలనేవి) డిపెండెన్సీలుగా (తప్పనిసరిగా కావలసినవిగా) చూసే గడిలో టిక్కు తీసేయండి. ఒక చిన్న ప్రోగ్రామ్ అడిగితే వెంట వచ్చే బలగం చాలావరకు తగ్గుతుంది. కాకపోతే ఎప్పుడైనా ఏదో ఒక సౌకర్యం పనిచేయకుండా పోవచ్చు. అప్పుడు ఆ ప్యాకేజీ ప్రాపర్టీస్‌లో డిపెండెన్సీస్ చూసి, కావలసింది ఒక్కటీ వేసుకోండి.

డిస్కవర్‌ని తీసేయాలనుకుంటే, వెంట ఏమేం పోతాయో చూపే జాబితా చదవకుండా ‘వై’ నొక్కొద్దు. అందులో లుబుంటు-డెస్క్‌టాప్ పేరు ఉంటే భయపడనక్కర్లేదు, అది ఉత్త మెటాప్యాకేజీ, అంటే వేరే ప్యాకేజీల పేర్లు మాత్రమే ఉండే జాబితా. కానీ ఆ తర్వాత ‘ఆటోరిమూవ్’ (ఇక అక్కర్లేదనుకున్నవి తీసేసే కమాండ్) కొడితే మాత్రం అవసరమైనవీ ఊడ్చుకుపోవచ్చు. ఇంకో మాట: ఇప్పటి లుబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ (ఆప్ట్‌తో సంబంధం లేని వేరే రకం ప్యాకేజీ) రూపంలో వస్తుంది. దాని అప్‌డేట్లు సినాప్టిక్‌లో కనిపించవు, స్నాప్ తనంతట తనే చూసుకుంటుంది.

ప్రశ్న: మా బడి ల్యాబ్‌లో ఎనిమిది కంప్యూటర్లు, అన్నిట్లోనూ డెబియన్ 12 లినక్స్. నెట్ లేదు, ఫోన్ సిగ్నల్ ఉంటే ఉన్నట్టు. తెలుగు, మరాఠీ టైపింగ్ అన్నిట్లో పెట్టాలి. ఒక్కోదాన్నీ నెట్‌కి తగిలించకుండా అవుతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, సిరొంచ

జవాబు: అవుతుంది మాస్టారూ. సిగ్నల్ ఉన్నచోట ఒక్క మెషీన్‌కి ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ ఇస్తే చాలు. ఆ ఒక్కటి ఏదనేదే ముఖ్యం. అన్నిటికంటే తక్కువ ప్యాకేజీలున్నదాన్ని ఎంచుకోండి. ఆప్ట్ తన దగ్గర లేనివే దించుకుంటుంది. దానిలో ముందే ఉన్న లైబ్రరీ (ప్రోగ్రామ్‌లకు కావలసిన ఉమ్మడి ఫైళ్లు) మిగతావాటిలో లేకపోతే అక్కడ పని ఆగుతుంది.

ముందు ‘సుడో ఆప్ట్-గెట్ అప్‌డేట్’. తర్వాత ‘సుడో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ -డి’ అని, పక్కన మూడు పేర్లు: ఫాంట్స్-టి.ఇ.ఎల్.యు., ఫాంట్స్-డి.ఇ.వి.ఎ., ఐబస్-ఎం17ఎన్. మొదటి రెండూ తెలుగు, దేవనాగరి ఫాంట్లు, మూడోది టైపింగ్‌కి. (చుక్కలు మా సౌకర్యానికి పెట్టినవి, కొట్టొద్దు.) ‘-డి’ అంటే దించడమే, వేయడం కాదు. ఉత్త ‘ఆప్ట్’ బదులు ‘ఆప్ట్-గెట్’ వాడడానికి కారణముంది. ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ ప్యాకేజీ వేసిన వెంటనే దించిన ఫైల్‌ని చెరిపేస్తుంది, ‘ఆప్ట్-గెట్’ ఉంచుతుంది.

ఇక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాల్సినవి మూడు: /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్ ఫోల్డర్‌లోని డెబ్ ఫైళ్లు (దించిన ప్యాకేజీలు); /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్‌లో ఉన్నవన్నీ; /ఈటీసీ/ఆప్ట్‌లోని సోర్సెస్ లిస్ట్ (ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో చెప్పే ఫైల్). కొన్ని డెబ్ ఫైళ్ల పేరు మధ్యలో పర్సెంటు గుర్తు, 3ఏ కనిపిస్తాయి. పేరు చెడిందనుకుని దిద్దకండి, ఆప్ట్ ఆ పేరుతోనే వెతుకుతుంది. డీవీడీ నుంచి వేసిన డెబియన్ అయితే సోర్సెస్ లిస్ట్‌లో సీడీరామ్ వరుస మిగిలి ఉంటుంది. దాని ముందు హ్యాష్ పెట్టండి, లేదంటే డిస్క్ పెట్టమని అడుగుతూనే ఉంటుంది. ఇది అప్‌డేట్ కొట్టేముందే చేసుకుంటే మేలు.

మిగతా ఏడింటిలో ఆ మూడింటినీ ‘సుడో సీపీ’ (కాపీ చేసే కమాండ్)తో అవే చోట్ల పెట్టి, ‘-డి’ లేకుండా అదే ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టండి. ‘నీడ్ టు గెట్’ అనే వరుసలో మొదటి అంకె 0 అయితేనే ‘వై’. వేరే అంకె వస్తే ఏదో ఫైల్ తక్కువైందన్నమాట. ‘ఎన్’ నొక్కి, పైన వచ్చిన ప్యాకేజీల జాబితాలో పెన్‌డ్రైవ్‌లో లేనిదేదో చూసి, ఆ పేరు రాసుకుని, మళ్లీ దించుకురండి. ‘-డి’తో మొదలుపెట్టిన మెషీన్‌లోనూ ఒకసారి ఇలాగే వేయాలి. తర్వాత లాగౌట్ అయి వచ్చి, ఐబస్ సెట్టింగ్స్‌లో తెలుగుకీ మరాఠీకీ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కలిపితే పిల్లలకు ఒకే వేళ్ల అలవాటుతో రెండూ వస్తాయి.

ప్రశ్న: యాంటీఎక్స్ లినక్స్ వాడుతున్నాను. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అప్‌డేట్ కొడితే రిలీజ్ ఫైల్ ‘నాట్ వ్యాలిడ్ యెట్’ (ఇంకా చెల్లదు) అంటోంది. సర్వర్ మార్చినా అంతే.
– ఒక పాఠకురాలు, ధర్మాబాద్

జవాబు: సర్వర్‌ది తప్పేం లేదమ్మా, మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయింది. తారీఖు వెనక్కి పోవడంతో ఇవాళ్టి రిలీజ్ ఫైల్ (సర్వర్ తారీఖు వేసి పంపే ప్యాకేజీల వివరం) మీ కంప్యూటర్‌కి రాబోయే కాలానిదిలా కనిపిస్తోంది. సీఆర్2032, 3 వోల్టుల బిళ్ల సెల్, వాచీల షాపుల్లోనూ దొరుకుతుంది. ప్లగ్ తీసేసి, ఇంగ్లీషు అంకెలు పైకి ఉండేలా పెట్టి, బయోస్‌లో తారీఖు సరిచేయండి. సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) ఉన్న లినక్సుల్లో దాని టైమ్ సర్వీసు గడియారాన్ని కొంతవరకు ఆదుకుంటుంది. యాంటీఎక్స్‌లో సిస్టమ్‌డీ లేదు. తారీఖు తనిఖీని ఆపేసే ఆప్షన్ ఉన్నా అటు పోవద్దు. తారీఖు తప్పుగా ఉంటే బ్రౌజర్‌లో సైట్లు కూడా తెరుచుకోవు.

ప్రశ్న: ప్యాకేజీ పడుతుండగా కరెంటు పోయింది. ఇప్పుడు ఏది వేద్దామన్నా డీపీకేజీ (ప్యాకేజీలను విప్పి వేసే ప్రోగ్రామ్) మధ్యలో ఆగిపోయిందంటుంది, ఒక్కోసారి లాక్ దొరకలేదంటుంది. లాక్ ఫైల్ చెరిపేయమన్నారు తెలిసినవాళ్లు.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: చెరపకండి. ఆన్ చేసిన కొత్తలో ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుంటే లాక్ దాని చేతిలో ఉంటుంది. అప్పుడు చెరిపితే రెండు ప్రోగ్రామ్‌లు ఒకే డేటాబేస్‌లో చేతులు పెడతాయి. కాసేపు ఆగి, ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ కొట్టండి. సగంలో ఆగినవి పూర్తవుతాయి. ఇంకా డిపెండెన్సీల గొడవ ఉంటే ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. దించిన ఫైల్ చెడిందంటే ‘సుడో ఆప్ట్ క్లీన్’ చేసి మళ్లీ దించుకోండి.