పొగగొట్టం నెత్తిన రేకుమూత

మా చెల్లెలు పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కి తిరుపతికి వచ్చింది. వచ్చీరాగానే ఫోను నా చేతిలో పెట్టి, "అక్కా, ఇది చూడు. అబ్బోడు కొన్న ఇంటి గోడకి ఈ చారలేంది? గృహప్రవేశం జరిగి మూడు నెలలు కూడా కాలేదు" అనింది.

ఫోటో సియాటిల్ పక్కన బోథెల్‌లోది. 1988లో కట్టిన ఇల్లు. కప్పు మీద చతురస్రపు స్తంభంలా పొగగొట్టం కట్టు, దాని పైఅంచు నుంచి కిందికి గోధుమరంగు చారలు. ఇనప గేటు కమ్మీల కింద సున్నం గోడ మీద తుప్పునీళ్లు దిగిన గుర్తులు మన వీధుల్లో ఎన్ని చూడలేదు! ఇవీ అవే. చూడగానే నా గుండె బరువెక్కింది. ఎందుకంటే ఇవే చారలు మా ఇంటికీ పడ్డాయి, మేం రెండేళ్లు పట్టించుకోలేదు.

నేను ఇరవై ఆరేళ్లుగా సియాటిల్ దగ్గరే ఉంటున్నాను. చలికాలంలో రెండు నెలలు తిరుపతిలో అమ్మ దగ్గర గడుపుతాను. ఈ మధ్య మన వైపు నుంచి, తిరుపతి, చిత్తూరు, పలమనేరు, మదనపల్లె నుంచి అక్కడికి వచ్చిన పిల్లలు కొత్త ఇళ్ల ధరలు అందక ముప్పై నలభై ఏళ్ల నాటి ఇళ్లు కొంటున్నారు. స్కూలు చూస్తారు, వంటిల్లు చూస్తారు, వాస్తు చూస్తారు. చలి కాచుకునే పొయ్యి, అంటే ఫైర్‌ప్లేస్, దానికోసం నెత్తిన ఉన్న పొగగొట్టం చూడరు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "మేం ఎప్పుడూ వెలిగించం కదా ఆంటీ." ఆ జవాబు విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. మీరు పొయ్యి వెలిగించకపోతే నిప్పు రాదు, నిజమే. వాన మాత్రం వస్తుంది.

అది ఇటుకల చిమ్నీ కాదని ముందు తెలుసుకోవాలి. ఆ కాలపు ఇళ్లలో చాలావాటికి ఫైర్‌ప్లేస్ ఫ్యాక్టరీలో తయారై వచ్చిన ఇనప పెట్టె. లోపల ఇటుకల వరసలా కనిపించేవి వేడికి తట్టుకునేలా పోతపోసిన పలకలు. పెట్టె మీద నుంచి రెండు మూడు పొరల రేకు గొట్టం, ముక్కకి ముక్క తిప్పి బిగించుకుంటూ, కప్పు దాటి పైకి పోతుంది. పొరల మధ్య సందులో గాలి ఆడుతూ గొట్టాన్ని చల్లబరుస్తుంటుంది. ఆ గొట్టం బయటికి కనపడకుండా చుట్టూ కట్టె చట్రం నిలబెట్టి, బల్లలు కొట్టి, ఇంటి గోడ రంగే వేస్తారు. దాన్ని అక్కడ చేజ్ అంటారు. ఈ కట్టె బోనుకి పైన మూత ఒక రేకు, చేజ్ కవర్. రేకు మధ్యలో రంధ్రం, అందులోంచి గొట్టం, గొట్టం మెడకి గొడుగులాంటి పట్టీ, అన్నిటికీ పైన టోపీ. ఇంతే. అంటే మీ ఇంటి నెత్తిన నిలబడి ఉన్న ఆ కట్టె పెట్టెకి వాన నుంచి రక్ష ఒక్క పల్చని రేకు.

ఆ రేకు ఎక్కువ ఇళ్లలో జింకు పూసిన ఇనుము. మన గొడ్ల కొట్టం మీద రేకు వాలుగా ఉంటుంది కాబట్టి నీళ్లు జారిపోతాయి. చేజ్ మీద రేకుని చదునుగా పరిచేశారు. ఏళ్లు గడిచేకొద్దీ అది మధ్యలో కుంగుతుంది. నీళ్లు సరిగ్గా గొట్టం రంధ్రం చుట్టూ నిలుస్తాయి. చుట్టూ ఉన్న పెద్ద పెద్ద ఫర్ చెట్ల నుంచి సూదుల్లాంటి ఆకులు రాలి, వాటి మీద నాచు పట్టి, తడిగుడ్డ పరిచినట్టు ఉంటుంది. జింకు పూత పోయాక తుప్పు ఎంత తొందరగా తింటుందో చెప్పక్కర్లేదు.

మన ఊళ్లో వాన వేరు. వాయుగుండం పట్టిందంటే కుమ్మరించేసి పోతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు మీకూ గుర్తుంటాయి. కానీ తర్వాత ఎండ కాసింది, గోడలు ఆరాయి. సియాటిల్‌లో ఏడాదంతా కలిపి పడే వాన 40 అంగుళాల లోపే. మన ఊరి వానకంటే మరీ ఎక్కువేమీ కాదు. కాకపోతే ఆ వాన ఏడాదిలో దాదాపు 150 రోజులకి పంచుకుని పడుతుంది, అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపు. తుంపర, మబ్బు, మళ్లీ తుంపర. తడిసిన కట్టెకి ఆరే వ్యవధి ఉండదు. మన మిద్దె ఉరిస్తే చుక్క మంచం మీద పడుతుంది, రాత్రికే తెలుస్తుంది. అక్కడ చుక్క చేజ్ లోపలే పడుతుంది. ఇంట్లోకి మరక రావడానికి ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి లోపల కట్టె వేలితో నొక్కితే పొడి అవుతుంది.

మాకు జరిగింది అదే. చారలు కనపడ్డ మొదటి ఏడాది రంగు వేయించాం. రెండో ఏడాది చిల్లర రిపేర్లు చేసే ఒక హ్యాండీమ్యాన్‌ని పిలిపిస్తే, అతను పైకెక్కి కనపడిన ప్రతి సందులోనూ సిలికాన్ పూసి దిగాడు. గొట్టం పొరల మధ్య గాలి ఆడే దారి కూడా మూసేశాడు. అది మాకు తెలీదు. ఆ సంక్రాంతికి మేం అందరం కూర్చుని పొయ్యి వెలిగించుకున్నాం. మరుసటి వేసవిలో పొగగొట్టాలు శుభ్రం చేసే ఆవిడ వచ్చి చూసి, టోపీ కింద చెయ్యి పెట్టి చూపించింది: "ఈ సందు మూస్తే గొట్టం చల్లబడదు. పక్కనున్న కట్టెకి వేడి తగులుతూ ఉంటుంది." ఏళ్ల తరబడి వేడి తిన్న కట్టె మామూలుకంటే తక్కువ వేడికే అంటుకుంటుందట. ఆ గోడ అవతలే మా పాప మంచం. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు. మూత ఒక్కటీ మార్చి ఉంటే వందల డాలర్లలో తేలిపోయేది. చట్రం, బల్లలు, కప్పు అంచు అన్నీ కలిపి వేలల్లోకి వెళ్లింది. ఇంటి ఇన్సూరెన్సు ఒక్క డాలరూ ఇవ్వలేదు. నెమ్మదిగా ఉరిసి పాడైనదాన్ని చాలా పాలసీలు యజమాని నిర్లక్ష్యం కింద లెక్కేస్తాయి.

కాబట్టి చారలు కనపడితే రంగు వేయకండి. కింద నిలబడి ఫోను జూమ్ చేసి పైఅంచు ఫోటో తీయండి. నాచు పట్టిన కప్పు మీదికి మాత్రం ఎక్కొద్దు, జారితే పట్టుకునేందుకేమీ ఉండదు. తర్వాత ఫైర్‌ప్లేస్ లోపల డ్యాంపర్ తెరిచి, అంటే పొగదారి మూసే ఆ రేకు తలుపు తెరిచి, టార్చి వేసి చూడండి. డ్యాంపర్ మీద తుప్పు పొరలు లేచి ఉన్నా, పెట్టె అడుగున నీటి గుర్తున్నా, వానరాత్రి లోపలి నుంచి రేకు మీద టంగు టంగుమని చుక్క చప్పుడు వినిపించినా, తడి బూడిద వాసన వస్తున్నా, నీళ్లు లోపలికి వస్తున్నట్టే. చేజ్ పక్క బల్లల్ని, కప్పు ఎక్కకుండా అందేచోట, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా నొక్కండి; కప్పుకి ఆనుకునే చోట మాత్రం పనివాళ్లతో చూపించండి. మెత్తగా దిగితే అది కుళ్లు. పాత బూడిదని కూడా లోపల ఉంచొద్దు. అది గాలిలోని తేమని పీల్చుకుని ఇనుముని తింటుంది. కొన్న రోజే ఎత్తి పారేయండి.

కొత్త మూత స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయించండి. 304 రకం, 24 గేజ్ మందం అని అడగండి. చేజ్ కొలత, రంధ్రం ఎక్కడ ఉందో ఆ కొలత తీసుకుని రేకు పని చేసేవాళ్లు దానికి తగ్గట్టు వంచి ఇస్తారు. మధ్య నుంచి నాలుగు వైపులా వాలు ఉండాలి, ఐమూలగా మడతలు వేసి ఆ వాలు తెస్తారు. అంచులు గోడ కిందికి దిగి, చివర బయటికి వంగి ఉండాలి, అప్పుడే చుక్క గోడని తాకకుండా పడుతుంది. స్క్రూలు పక్కల నుంచి బిగించాలి. పైనుంచి కొడితే ప్రతి స్క్రూ ఒక చిల్లు. రంధ్రం చుట్టూ రేకు పైకి లేచి గట్టులా ఉండాలి, దాని మీద మెడపట్టీ కూర్చోవాలి. వేడి తట్టుకునే సిలికాన్ పూయాల్సింది ఒక్క చోటే, మెడపట్టీ గొట్టాన్ని కరుచుకునే పైఅంచున. టోపీ కింద సందుల జోలికి ఎవరినీ పోనివ్వకండి.

చేజ్ వెడల్పుగా ఉండి కప్పు వాలుకి అడ్డంగా నిలబడితే, దాని వెనక ఒక చిన్న వాలు గట్టు కట్టాలి. 30 అంగుళాల వెడల్పు దాటితే నిబంధనే అడుగుతుంది. లేకపోతే కప్పు మీద వచ్చిన నీళ్లన్నీ దాని వీపు వెనకే చేరతాయి. మూత మార్చినా ఉరుపు ఆగలేదని ఏడ్చేవాళ్లలో చాలామందికి అసలు రోగం అక్కడే ఉంటుంది.

ఇక మూత బాగుండి లోపలి సామాను పాడైతే విషయం కష్టం. అమెరికాలో ఈ పెట్టెల్ని యూఎల్ 127 అనే ప్రమాణం కింద పెట్టె, గొట్టం, టోపీ అన్నీ కలిపి ఒకే వస్తువుగా పరీక్షిస్తారు. అందుకని ఒక కంపెనీ గొట్టానికి ఇంకో కంపెనీ ముక్క అతికించకూడదు. పెట్టె నోటి దగ్గరో తెర వెనకో చిన్న రేకు పలక మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉంటాయి. దాన్ని ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాలపు కంపెనీల్లో చాలావాటికి ఇప్పుడు ముక్కలు దొరకవు. లోపలి పలకలకి వెంట్రుకంత నెర్రె ఫరవాలేదు, వెనకున్న ఇనుము కనపడేంత పగులైతే పలక మార్చాల్సిందే. గొట్టమే తుప్పుతో చిల్లులు పడి, ఆ కంపెనీ ముక్కలు లేవంటే, మొత్తం తీసి కొత్తది పెట్టించడమొక్కటే దారి. "ఏదో ఒకటి సర్దేద్దాం" అన్న కాంట్రాక్టరుని పంపించేయండి. వాషింగ్టన్ రాష్ట్రంలో లేబర్ అండ్ ఇండస్ట్రీస్ శాఖ వెబ్‌సైటులో కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్, బాండు, ఇన్సూరెన్సు ఉన్నాయో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. శుభ్రం చేసేవాళ్లకి సీఎస్ఐఏ (చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా) సర్టిఫికెట్ ఉందా అని అడగండి.

ఇంకా ఇల్లు కొనని వాళ్లకి ఒక మాట. అమెరికా అగ్నిరక్షణ సంఘం ఎన్ఎఫ్‌పీఏ రాసిన 211 అనే ప్రమాణం ఇల్లు చేతులు మారేటప్పుడు లెవెల్ 2 తనిఖీ చేయించమంటుంది. గొట్టంలోకి కెమెరా దింపి చూస్తారు, అటకలో గొట్టం పక్కన ఖాళీ ఉందా అని చూస్తారు. మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్ ఇదంతా చేయడు. మా చెల్లెలి కొడుకు ఇది తెలియకే సంతకం పెట్టాడు. మీరు క్లోజింగుకి, అంటే ఇల్లు మీ పేరిట మారడానికి, ముందే చేయించండి, లోపం కనపడితే ధర తగ్గించమని అడిగే హక్కు అప్పుడే ఉంటుంది.

వెలిగించేవాళ్లకి చెప్పాల్సింది కొంచెమే, కానీ మనవాళ్లకే చెప్పాలి. భోగి రోజు ఇంట్లో పాత కుర్చీ కాళ్లు, ప్లైవుడ్డు, రంగు వేసిన చెక్కలు ఫైర్‌ప్లేస్‌లో వేసి భోగిమంట అనుకుంటున్నారు. దయచేసి వద్దు. ఆ పొగ విషం, ఆ మంట ఎగసే తీరుని ఈ రేకు పెట్టె తట్టుకోదు. గృహప్రవేశం హోమమూ అందులో చేయకండి. నెయ్యి పడ్డ మంట ఎక్కడిదాకా లేస్తుందో మనకి తెలుసు. హోమకుండం బయట గరాజు ముందు పెట్టుకోండి. వాడే కట్టె పొడిగా ఉండాలి. తేమ 20 శాతం లోపు ఉందో లేదో చిన్న మీటరుతో చూసుకోవచ్చు. పచ్చి కట్టె పొగ గొట్టం లోపల జిగురుమసిగా పేరుకుంటుంది, అది ఒకసారి అంటుకుంటే ఆపడం కష్టం. కింద గాలి పోయే జాలీల ముందు దేవుడి మందిరం పెట్టి మూసేయొద్దు. చల్లగాలి వస్తోందని చేజ్‌లో గ్లాస్ ఊల్ కూరొద్దు. గొట్టానికీ కట్టెకీ మధ్య ఉండాల్సిన ఖాళీ, చాలా మోడళ్లకి 2 అంగుళాలు, అలాగే ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూసుకోండి. గాలి చెడిపోయిన చలిరోజుల్లో అక్కడి గాలి నాణ్యత చూసే పుగెట్ సౌండ్ క్లీన్ ఎయిర్ ఏజెన్సీ కట్టెలు కాల్చొద్దని ప్రకటిస్తుంది. వెలిగించే ముందు అదీ చూసుకోండి.

అసలెప్పుడూ వెలిగించం అనేవాళ్లు ఒక నిర్ణయం తీసుకోండి. ఉంచుకుంటే మూతని కాపాడండి. లేదంటే పర్మిట్ తీసుకుని కప్పు మీది భాగం మొత్తం దింపించి, పైన కప్పు కప్పించేయండి. మా వీధిలో ఇద్దరు అలాగే చేశారు, సుఖంగా ఉన్నారు. టౌన్‌హౌస్ అయితే ముందు హెచ్‌ఓఏని, అంటే ఇళ్ల యజమానుల సంఘాన్ని, అడగండి, ఆ స్తంభం వాళ్లదీ కావచ్చు.

మా చెల్లెలు ఇదంతా విని, "అయితే ఇల్లు అమ్మేయాల్సిందేనా అక్కా?" అనింది. అక్కర్లేదన్నాను. వాడికి అక్కడి రాత్రి వేళే ఫోను కలిపి అన్నీ చెప్పాం. మర్నాడు వాడే ఫోను చేసి, "పెద్దమ్మా, మీరు చెప్పినట్టు స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూశా, ఒక మూల మాత్రమే మెత్తగా ఉంది" అన్నాడు. అందిన చోట్ల కుళ్లు ఇంకా ఎక్కువ పాకలేదన్నమాట. శనివారం సీఎస్ఐఏ సర్టిఫికెట్ ఉన్న మనిషి వస్తున్నాడు. కంపెనీ పేరున్న రేకు పలక ఫోటో, మూత కొలతలు నాకు పంపమన్నాను. అప్పటిదాకా వాన లోపలికి పోకుండా పైన టార్పాలిన్ కప్పించమని, పొయ్యి మాత్రం వెలిగించొద్దని చెప్పాను. ఎవరూ మరిచిపోయి వెలిగించకుండా "వాడొద్దు" అని కాగితం రాసి ఫైర్‌ప్లేస్ తలుపుకి అతికించమన్నాను.