షాపు నుంచి బండి తెచ్చాక లైటు వెలిగిందా? ముందు పర్సు మూయి

సింగరాయకొండ తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, డాలస్ వచ్చి నాలుగు నెలలు. సెకండ్ హ్యాండ్ కారు. శనివారం ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్పించా. ఆదివారం పొద్దున స్టార్ట్ చేస్తే ఏబీఎస్ అని పసుపు లైటు. వేరే షాపాయన చూడటానికే 150 డాలర్లంటున్నాడు. ఇచ్చేదా?"

ఇవ్వబాకు.

2009లో నేనిట్టాగే ఇచ్చా. మాది కావలి. అప్పుడు ఈ ఊళ్ళో నాకు తెలిసినోళ్ళు ఇద్దరు. మీకిప్పుడు వాట్సాప్‌లో పెడితే పది నిమిషాల్లో పాతికమంది సలహా చెప్తారు, మాకు అదీ లేదు. పదేళ్ళు తిరిగిన కరోలా కొన్నా. ఆయిల్ మార్పించడానికి పోతే ఎయిర్ ఫిల్టర్ కూడా మారుస్తామన్నారు, సరేనన్నా. రెండోరోజు ఆఫీసుకి పోతుంటే ఇంజిన్ బొమ్మ పసుప్పచ్చగా వెలిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి గుడగుడమంటోంది. ఇంజిన్ పోయిందనే అనుకున్నా. నెల్లూరు ట్రంకురోడ్డులో బండి ఆగితే మెకానిక్ పక్కన గొంతుక్కూర్చుని వాడు విప్పే ప్రతి నట్టూ చూస్తాం. ఇక్కడ కాఫీ చేతికిచ్చి అద్దం ఇవతల కూర్చోబెడతారు.

మొదటి షాపుకి తిరిగి పోలేదు. మొహమాటం. వాళ్ళని అడగటమేంది, గొడవేంది అని ఇంకో షాపుకి పోయా. చూసినందుకు 110. ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ పోయిందని దానికో 290. మొత్తం 400 డాలర్లు, అప్పటి లెక్కన 19 వేల పైచిలుకు. ఆ నెల నాన్నకి రొయ్యల గుంట మేతకి డబ్బు పంపాలి. సగమే పంపా. ఎందుకని ఆయన అడగలా, నేను చెప్పలా. నాలుగోరోజు లైటు మళ్ళీ వెలిగింది.

గుడి పార్కింగ్‌లో కందుకూరు పెద్దాయన ఒకరు బానెట్ ఎత్తమన్నారు. "దీనికి ముందు ఏం చేయించావు?" అనడిగారు. ఎయిర్ ఫిల్టర్ అన్నా. ఆ ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజిన్‌లోకి పోయే లావుపాటి రబ్బరు గొట్టం పట్టుకుని ఊపారు, చేతిలోకి ఊడొచ్చింది. క్లాంపు బిగించనే లేదు. స్క్రూడ్రైవర్‌తో నాలుగు తిప్పులు. "గాలిని లెక్కబెట్టే సెన్సర్ ఈ పక్క ఉండాది. అది దాటినాక దొంగగాలి దూరతా ఉంటే కంప్యూటర్ ఏం చేస్తాది పాపం" అన్నారు. లైటు వెలిగినప్పుడు బండి కంప్యూటర్ రాసిపెట్టుకునే తప్పు నంబరుని కోడ్ అంటారు. నా బండిది పి0171, గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ అని. నిజం చెప్పిన ఆక్సిజన్ సెన్సర్నే పీకించి కొత్తది కొన్నాను నేను. పాతది అడిగి తెచ్చుకున్నా, ఇప్పటికీ గరాజులో ఉంది.

నీ సంగతీ అదే, చెయ్యి ఎక్కడ పడిందో అక్కడ చూడు. బ్రేకు పక్కనే చక్రం వేగం చెప్పే సెన్సర్ వైరుంటుంది. పని చేసేటప్పుడు గుంజి ఉంటారు, లేదా ప్లగ్గు సరిగా కూర్చోబెట్టి ఉండరు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి చక్రం వెనక టార్చి వేస్తే ఒక్కోసారి వేలాడుతూ కనపడుద్ది. ఫోటో తీయి. నువ్వు ముట్టుకోబాకు, రేపు నువ్వే చెడగొట్టావంటారు.

ఏబీఎస్ పసుపు ఒక్కటే అయితే మామూలు బ్రేకు పడుతుంది, చక్రం బిగుసుకుపోకుండా కాపాడేది మాత్రం ఉండదు. వానలో నిదానం. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు వెలిగినా, పెడల్ మెత్తగా లోపలికి పోయినా బండి కదిలించబాకు, టో చేయించు. అక్కడ డబ్బు చూసుకోబాకు, ఆ మాట నేనే అంటున్నా. ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమన్నా అంతే, పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ కాలిందంటే నీ నెల జీతం గోవిందా.

1996 నుంచి ఇక్కడి కార్లకి స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు, అంటే కోడ్ చదివే రీడర్ తగిలించే సాకెట్ ఉంటుంది. ఆటోజోన్ లాంటి కారు విడిభాగాల షాపుల్లో ఇంజిన్ కోడ్ ఊరికే చదివిపెడతారు. 20 డాలర్ల రీడరొకటి కొనుక్కో. ఏబీఎస్ కూడా చదివేదైతే ఇంకొంచెం అవుతుంది. కోడ్ చెరిపేయబాకు, నీ చేతిలో ఉన్న సాక్ష్యం అదే. పొగ పరీక్షకి పోయినా అప్పుడే చెరిపిన బండిని వెనక్కి పంపుతారు. పనికి గ్యారంటీ ఎన్నాళ్ళో రశీదు మీద, రూల్సు రాష్ట్రం సైట్లో ఉంటాయి, చదువుకో.

సోమవారం తెరిచీ తెరవంగానే అదే షాపుకి పో. మధ్యాహ్నం పోతే రేపు రమ్మంటారు. రశీదు, ఫోటో చూపించి "మీరు బ్రేకులు చేసిన మర్నాడొచ్చింది, ఆ సెన్సర్ వైరు చూడండి" అను. తప్పెవరిదనే మాట ఎత్తబాకు. చూసినందుకు ఫీజంటే, "మీ పని వల్ల వచ్చిందైతే తీసుకోరుగా" అని కాగితం మీద రాయించుకున్నాకే తాళంచెవి ఇవ్వు.