ఎవరి కొట్టు తాళం వాళ్ల దగ్గరే ఉండాలి

అక్కయ్యపాలెం,
విశాఖపట్నం.

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. రుషికొండలో ఉద్యోగం మానేశావట. ఇకమీదట కొట్టు కొట్టుకూ తిరిగి, "మీ షాపు గూగుల్‌లో కనిపించేలా చేస్తాను" అని చెప్పి ఆ పని మీదే బతుకుతానన్నావట. దానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ నాకే నిద్ర పట్టలేదు. భయం సగం, సంతోషం సగం. మన ఇళ్లలో ఆ పని చేసినదాన్ని నేనొక్కదాన్నే, ఇప్పుడు నువ్వు. నోటితో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు తప్ప చెవిన వేసుకోవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదువు.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో నీకు తెలీదు, నువ్వప్పుడు బళ్లో చదువుకుంటున్నావు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధి నిండా పడిపోయిన చెట్లు. సిగ్నల్ వచ్చాక ఊరంతా ఒకటే వెతుకులాట. కిటికీ అద్దాలు వేసేవాడెవరు, రేకులు బిగించేవాడెవరు, మేడ మీద పగిలిన ట్యాంకు మార్చేవాడెవరు? మన జిరాక్స్ షాపు గోడకు ఒక చార్టు అంటించి నాకు తెలిసిన పనివాళ్ల నంబర్లన్నీ స్కెచ్ పెన్నుతో రాశాను. మర్రిపాలెం నుంచి కూడా వచ్చి రాసుకెళ్లారు. అద్దాలు బిగించే కుర్రాడొకడు దీపావళికి మిఠాయి పొట్లం తెచ్చి, "మీ గోడ వల్ల ఖాళీ లేకుండా పని దొరికిందమ్మా" అన్నాడు. పని వచ్చినవాడు ఒక వీధిలో, పని కావాల్సినవాడు పక్క వీధిలో ఉండి కూడా ఒకరి సంగతి ఒకరికి తెలీదు. అది అప్పుడు కళ్లారా చూశాను. తర్వాత రెండేళ్లకు ఆ గోడ పనే గూగుల్ మ్యాప్‌లో చేయడం మొదలుపెట్టాను. కొట్టు పేరు, చిరునామా, ఫోన్ నంబర్ చూపించే ఆ పేజీని అప్పట్లో గూగుల్ మై బిజినెస్ అనేవారు. 2021 నుంచి బిజినెస్ ప్రొఫైల్ అంటున్నారు.

పని నీకు నాకంటే బాగా వచ్చు. కాబట్టి తెలిసినవి గబగబా చెప్పేస్తాను. బోర్డు మీద ఏ పేరుంటే అదే పేరు పెట్టు. "బెస్ట్", "నంబర్ వన్", "చీప్" అని పేరుకు తోకలు తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ చేస్తారు. టిఫిన్ సెంటర్‌ను రెస్టారెంట్ అని రాయకు, ఏది అమ్ముతారో ఆ కేటగిరీయే ఎంచు. పని వేళలు మధ్యాహ్నం మూసే గంటతో సహా రాయి. బురుజుపేట చుట్టుపక్కల కొట్లయితే మార్గశిర గురువారాలకు ప్రత్యేక వేళలు పెట్టడం మరిచిపోకు. అమ్మవారి దర్శనానికి తెల్లవారకముందే జనం ఉంటారు, ఫోన్లో "మూసి ఉంది" అని చూపిస్తే పక్క కొట్టుకు పోతారు. ఫోటో రోడ్డు మీద నిలబడి, పగటి వెలుగులో, బోర్డు కనిపించేలా తీయి.

మ్యాప్‌లో కొట్టు ఎక్కడుందో చూపించే పిన్ మాత్రం నువ్వే వెళ్లి, ఆ గుమ్మం ముందు నిలబడి పెట్టు. ఇంట్లో కూర్చుని అంచనాగా పెట్టకు. మన ఊరు కొండలు, గెడ్డలు, రైలు పట్టాలతో నిండిన ఊరు. కంచరపాలెంలో పిన్ పట్టాలకు అవతల పడితే మనిషి ఎంత చుట్టు తిరగాలో నీకు తెలుసు. అలా తిరిగిన కస్టమర్ మళ్లీ రాడు.

ఊరి పేరు సంగతి కూడా చూసుకో. ఒకరు వైజాగ్ అని వెతుకుతారు, ఒకరు విశాఖపట్నం అని. సీతమ్మధారను ఇంగ్లీషులో కొందరు ఐతో రాస్తే కొందరు డబుల్ ఈతో రాస్తారు. ద్వారకానగర్ ఒకరికి ఒక మాట, ఇంకొకరికి రెండు మాటలు. చిరునామాలో ఒకే స్పెల్లింగ్ పెట్టి, బిల్లు పుస్తకంలో, జస్ట్‌డయల్‌లో, వాట్సాప్‌లో కూడా అదే ఉండేలా చూడు. గుర్తులు కిందున్న వివరణలో రాయి. "కాంప్లెక్స్ ఎదురు సందు", "జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్ వైపు వస్తే ఎడమ చేతికి" అని మన జనం ఎలా దారి చెప్పుకుంటారో అలాగే రాయి. కాంప్లెక్స్ అంటే ఆర్టీసీ బస్టాండని మన ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

అల్లిపురంలో ఒకాయన మిక్సీలు, గ్రైండర్లు రిపేరు చేసేవాడు. ఆరడుగుల కొట్టు. గోడ నిండా మేకులకు వేలాడే పాత జార్లు, బల్ల మీద కార్బన్ బ్రష్‌లు, రాగి తీగ చుట్టలు. ఎంత కడుక్కున్నా ఆయన గోళ్ల చివర నలుపు పోయేది కాదు. 2017లో ఆయన కొట్టును మ్యాప్‌లో పెట్టాను. ఆయనకు బటన్ల ఫోను తప్ప ఏమీ లేదు. "మీకెందుకండీ శ్రమ, నేను చూసుకుంటాను" అని నా జీమెయిల్‌తోనే చేసేశాను. కొట్టు నిజంగా ఆ చిరునామాలో ఉందో లేదో చూసుకోవడానికి అప్పట్లో గూగుల్ వాళ్లు పోస్టులో ఒక కార్డు పంపేవారు, అందులో ఐదంకెల కోడ్ ఉండేది. పోస్ట్‌మ్యాన్ తెచ్చిన ఆ కార్డును ఆయన దేవుడి పటం వెనక దాచి, నేను వెళ్లగానే రెండు చేతులతో తీసిచ్చాడు. అది ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

ఆయనొక్కడికే కాదు, మొత్తం 23 కొట్లకు నా ఒక్క జీమెయిలే. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. కానీ నీ దగ్గర దాచడమెందుకు, అందులో స్వార్థం కూడా ఉంది. తాళం నా దగ్గరుంటే ఏ మార్పు కావాలన్నా నా దగ్గరికే వస్తారు, ఏటా నాలుగు డబ్బులు వస్తాయని లెక్క వేసుకున్నాను.

2019లో మీ అక్క పురిటికి బెంగళూరు వెళ్లాను. రెండు నెలలనుకున్నది ఎనిమిది నెలలైంది, బాబు నెలలు నిండకుండా పుట్టాడు కదా. ఆసుపత్రికీ ఇంటికీ తిరగడంలో ఇక్కడి షాపు సిమ్ రీఛార్జ్ చేయడం మరిచిపోయాను. ఆ నంబర్ పోయింది. షాపు కంప్యూటర్ మీ పెదనాన్న పాత సామానుతో పాటు అమ్మేశారు. కొత్త ఫోన్లో ఆ జీమెయిల్ తెరవబోతే కోడ్ పోయిన నంబర్‌కే పంపుతానంటుంది. ఎన్ని విధాల ప్రయత్నించినా లోపలికి వెళ్లలేకపోయాను.

ఈలోగా అల్లిపురంలో ఆ బిల్డింగ్ పడగొట్టారు. ఆయన కొట్టు కంచరపాలెం మార్చుకున్నాడు. నాకు నాలుగైదుసార్లు ఫోన్ చేశాడట, ఆ పోయిన నంబర్‌కే. మ్యాప్ మాత్రం అల్లిపురమే చూపిస్తోంది. జనం మిక్సీ సంచిలో పెట్టుకుని వచ్చి, అక్కడి మట్టిగుట్ట చూసి వెనక్కి పోయేవారు. వాళ్లలో ఎవరో ఈ షాపు లేదని గూగుల్‌కు తెలియజేశారు. అలా ఎవరైనా చెప్పొచ్చు, వాళ్లు చూసిందే చెప్పారు. దాంతో ఆయన కొట్టు పేరు కింద "శాశ్వతంగా మూసివేయబడింది" అని పడింది.

నేను తిరిగొచ్చి కంచరపాలెం వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆయన కొత్త కొట్లో ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య చెప్పింది. సీతమ్మధారలో పాతికేళ్లుగా ఆయన దగ్గరే మిక్సీ బాగుచేయించుకునే ఒకావిడ ఫోన్లో ఆ మాట చూసి, ఆయనే పోయాడనుకుందట. వాళ్లనీ వీళ్లనీ అడిగి ఇల్లు కనుక్కుని పరామర్శకు వచ్చిందట. తలుపు తీసింది ఈయనే. ఆవిడ గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసిందట.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలెండమ్మా, మనవడు కులాసాయేనా" అని అడిగాడు. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. ఆ నెలల్లో కొట్టు అద్దెకు భార్య గాజులు తాకట్టు పెట్టాడని తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

వాళ్లబ్బాయి వాడి పక్కన పడేసిన స్మార్ట్‌ఫోన్ ఒకటి తెప్పించి, ఆయన పేరు మీద జీమెయిల్ తెరిచి, ఆ షాపు తనదని ఆయన చేతే గూగుల్‌ను అడిగించాను. ఆ విన్నపం వెళ్లేది పాత ఓనర్‌కు, అంటే నేను తెరవలేని నా ఈమెయిల్‌కే. జవాబుకు గడువిస్తారు, ఇప్పుడది 3 రోజులు. అవతల ఎవరూ పలకకపోతే షాపు తనదని నిరూపించుకునే దారి తెరుచుకుంటుంది. అలా నిరూపించుకుని చిరునామా మార్చేసరికి ఇంకో నెల పోయింది. పాత రివ్యూలు దక్కాయి, అదొక్కటే ఊరట. ఆ తర్వాత మిగతా 22 కొట్లకూ ఒక్కొక్కటిగా తిరిగి ఎవరిది వాళ్లకు అప్పజెప్పాను. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు.

కాబట్టి బుజ్జీ, ఓనర్ ఫోన్లో, ఓనర్ జీమెయిల్‌తోనే మొదలుపెట్టు. నిన్ను మేనేజర్‌గా చేర్చుకోమను. అప్పుడు నువ్వు నీ ఈమెయిల్ నుంచే పని చేసుకోవచ్చు, వాళ్ల పాస్‌వర్డ్ అడగక్కర్లేదు, రేపు నీతో పడకపోతే వాళ్లే నిన్ను తీసేసుకోవచ్చు. వాళ్లకు ఫోన్ వాడటం రాకపోతే కొడుకునో కోడలినో పిలిపించు. ఎవరూ లేకపోతే ఆ రోజుకు లేచి వచ్చేయి, మర్నాడు వెళ్లు. "మీరే చూసుకోండమ్మా" అని వాళ్లు బతిమాలినా ఒప్పుకోకు, బతిమాలతారు. కొట్టు నిజమైనదేనని చూసుకోవడానికి గూగుల్ వాళ్లు ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి, బోర్డు, లోపలి సామాను, ఆ కొట్టు తనదేనని తెలిసేలా ఒక పని, అన్నీ మధ్యలో ఆపకుండా తీయాలి. ఆ వీడియోలో షట్టర్ తాళం తీసే చెయ్యి ఓనర్‌దే అయ్యుండాలి.

రెండో భయం ఆడవాళ్ల గురించి. నీ దగ్గరికి ఇళ్లలో జాకెట్లు కుట్టేవాళ్లు, పచ్చళ్లు పెట్టేవాళ్లు చాలామంది వస్తారు. ఎంవీపీ కాలనీలో ఒకమ్మాయికి ఇంటి చిరునామాతో సహా ఎవరో ప్రొఫైల్ పెట్టేశారు. భర్త షిప్పుల్లో పని, ఆర్నెల్లు ఊళ్లో ఉండడు. రాత్రి పదింటికి ఎవరెవరో గేటు కొట్టేవారు. కస్టమర్లు ఇంటికి రానవసరం లేకపోతే చిరునామా దాచేయొచ్చు, బదులుగా ఏయే ఏరియాల్లో పని చేస్తారో 20 దాకా పెట్టుకోవచ్చు. పని మొదలుపెట్టకముందే ఈ సంగతి అడుగు. వాళ్లు సిగ్గుపడి చెప్పరు, నువ్వే అడగాలి. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోమను. అది రీఛార్జ్ చేయించడం గుర్తు చేస్తూ ఉండు.

మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరికీ మాటివ్వకు. అడిగినదానికి సరిపోతుందా, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అనే మూడూ చూసి గూగుల్ వరస వేస్తుంది. గాజువాక బేకరీని మధురవాడలో ఉన్నవాడి ఫోన్లో పైకి తేవడం నీ చేతిలో లేదు, ఆ మాట ముందే చెప్పు. రివ్యూలు కొనిపెడతామనే వాళ్లు నీకూ ఫోన్ చేస్తారు, పెట్టేయి. రివ్యూ రాస్తే పది రూపాయలు తగ్గిస్తామని బోర్డు పెట్టడం కూడా గూగుల్ నియమాలకు విరుద్ధమే. పని బాగుందని కస్టమర్ నోటితో అన్న నిమిషంలోనే "ఆ మాట ఫోన్లో రాయండి" అని అడగమను. చెడ్డ రివ్యూ వస్తే ఓనర్ ఆ రాత్రే జవాబు రాస్తానంటాడు. తెల్లారేదాకా ఆపు.

డబ్బు సగం ముందే తీసుకో. రసీదు ఇవ్వు. చీకటి పడ్డాక వసూళ్లకు వెళ్లకు, ఎంత బాకీ ఉన్నా సరే. మీ అమ్మ ఏడ్చింది ఉద్యోగం పోయిందని కాదు, నువ్వు ఒక్కదానివే స్కూటీ మీద సందుల్లో తిరుగుతావని. రోజూ ఇంటికి చేరగానే దానికి ఒక మెసేజ్ పెట్టు. మధ్యాహ్నం అన్నం మానేసి తిరిగావంటే ఊరుకోను. ఆకలికి నీకు తలనొప్పి వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆదివారం పొద్దున్నే రా, మినప రొట్టె వేస్తాను. మన మిక్సీ జార్ బ్లేడు తిరగడం లేదు, అది పట్టుకుని ఇద్దరం కంచరపాలెం వెళ్దాం. ఆయన ఇప్పుడు గురువారం కొట్టు మూస్తున్నాడట, మ్యాప్‌లో మాత్రం ఇంకా శుక్రవారమే సెలవని ఉంది. ఆయన ఫోన్లో, ఆయన చేతే మార్పించు. ఎక్కడ నొక్కాలో చెప్పు చాలు, ఫోను నువ్వు పట్టుకోకు. ఆయన వేళ్లు నెమ్మదిగా కదులుతాయి, కంగారు పెట్టకు. నేను పక్కన స్టూలు మీద కూర్చుంటాను.

నీ పెద్దమ్మ