వెండి నాణెం మీద ‘ఇంకా’

ప్రశ్న: పోలండ్‌లో చదువుతున్న మా మనవడు ఒక వెండి నాణెం తెచ్చాడు. ‘ఇంకా’ అనే అమ్మాయి పేరు మీద వేశారట. కమ్యూనిస్టులను ఎదిరించిందట. మా నాయన సాయుధ పోరాటంలో దళంతో తిరిగినవాడు. ఆయన ఫొటో ఉన్న అలమారలో దీన్ని పెట్టాలంటే మనసొప్పడం లేదు. ఏమంటారు?
- ఒక రిటైర్డ్ టీచర్, సూర్యాపేట

జవాబు: మీ ఇబ్బంది నాకు తెలుసు సార్. మా మేనమామ కూడా దళాలకు జొన్నరొట్టెలు మోసినవాడే.

ముందు ఆ పిల్ల సంగతి వినండి. అసలు పేరు దానూతా షెజికూవ్నా. ‘ఇంకా’ మారుపేరు. తండ్రిని సోవియట్లు పట్టుకుపోయారు, తల్లిని 1943లో నాజీ పోలీసులు చంపారు. అడవిలో కమ్యూనిస్టులను ఎదిరించే దళం వెంట తిరుగుతూ గాయాలకు కట్లు కట్టేది. 1946 జూలై 20న కమ్యూనిస్టు ప్రభుత్వం వాళ్లు పట్టుకున్నారు, ఆగస్టు 28న గ్దాన్‌స్క్ జైల్లో కాల్చి చంపారు. పద్దెనిమిది నిండడానికి ఆరు రోజులుంది. ‘నేను ఎట్లా ఉండాలో అట్లాగే ఉన్నానని మా ముసలవ్వకు చెప్పండి’ అని చీటీ పంపింది. ఆమె ఎముకలు 2014లో గానీ దొరకలేదు.

ఆమెను పట్టుకున్న ఆ జూలైలోనే, 4న, కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలయ్యాడు. ఇక్కడ సంఘం దొర గడీకి ఎదురు నిలబడింది. అక్కడ అదే ఎర్రజెండా రష్యా సైన్యం వెంట వచ్చి గడీలో కూర్చుంది. మీ నాయన, ఆ పిల్ల ఎదిరించింది గడీనే అని నేననుకుంటాను. అక్కడ అడవి పట్టినవాళ్లందరూ ఆమెలాంటివాళ్లు కాదు. ‘బూరీ’ అనే నాయకుడి దళం బెలారస్ మూలాలున్న పల్లె జనాన్ని చంపింది. ఆ తగువు పోలండ్‌లో ఇప్పటికీ తెగలేదు.

కమ్యూనిస్టులను ఎదిరించినవాళ్ల పేరు మీద ఈ నాణేల వరుసను పోలండ్ జాతీయ బ్యాంకు 2017లో మొదలుపెట్టింది. కావాలనే నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలోకి వెళ్లి లోపలి సంగతులు బయటికి చేరవేసిన పిలెట్స్కీకీ ఇందులో నాణెం ఉంది. ఆయన్నూ 1948లో కమ్యూనిస్టు ప్రభుత్వమే చంపింది. మీ నాణెం ముఖవిలువ 10 జ్లోటీలు (జ్లోటీ అంటే పోలండ్ రూపాయి), బరువు 14.14 గ్రాములు, వెయ్యికి 925 పాళ్లు వెండి. చట్టప్రకారం చెల్లుతుంది గానీ, సేకరించేవాళ్ల కోసం వేసిందే.

నాయన ఫొటో పక్కనే పెట్టండి సార్. ప్లాస్టిక్ డబ్బీ మాత్రం తెరవకండి. తీయక తప్పకపోతే అంచులు పట్టుకోండి. నల్లబడినా చింతపండుతో తోమకండి, అద్దంలాంటి ఆ మెరుపు మళ్లీ రాదు. మా అమ్మ దాచిన నిజాం కాలం హాలీ సిక్కా రూపాయిని నేను అట్లాగే తోమాను. చార్మినార్ గీతలు సగం అరిగిపోయాయి.