జపాన్‌లో సీనియర్ దగ్గర కొన్న సైకిల్: షాపువాళ్లు రిజిస్ట్రేషన్ ఎందుకు కుదరదంటున్నారు

సీనియర్ దగ్గర సైకిల్ కొన్నాను, షాపువాళ్లు నా పేరున రిజిస్ట్రేషన్ ఎందుకు చేయనంటున్నారని అడిగారు కదా. ఆ సైకిల్ ఇంకా మీ సీనియర్ పేరు మీదే ఉంది. రాత్రి పోలీసులు ఆపి నంబరు చూస్తే వేరే పేరు రావడానికీ, షాపువాళ్లు కొత్త రిజిస్ట్రేషన్ కుదరదనడానికీ కారణం అదే.

అందరూ వదిలేసేది పాత రిజిస్ట్రేషన్ రద్దు. డబ్బులిచ్చి తాళంచెవి తీసుకుంటే పనైపోయిందనుకుంటారు. మన ఊళ్లో అది చాలు. ఇక్కడ ఫ్రేమ్‌కి అంటించిన బోహాన్ తోరోకు (దొంగతనాల నివారణ రిజిస్ట్రేషన్) స్టిక్కర్ ఎవరి పేరున ఉంటే పోలీసు రికార్డుల్లో సైకిల్ వాళ్లదే. స్టిక్కర్ పీకేయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. ఫ్రేమ్ మీద చెక్కిన నంబరు కూడా రికార్డులో ఉంటుంది, అప్పుడు నిజంగానే దొంగతనం అనుమానం వస్తుంది.

1. సీనియర్‌ని వెంటబెట్టుకుని, సైకిల్‌తో సహా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి రద్దు చేయించండి. ఆయన జైర్యూ కార్డు (విదేశీయులకిచ్చే నివాస గుర్తింపు కార్డు), పాత రిజిస్ట్రేషన్ కాగితం తేవాలి.

2. ‘జోతో షోమేషో’, అంటే సైకిల్ మీకు ఇచ్చేసినట్టు ధృవీకరణ పత్రం, రాయించుకోండి. ఒక్క పేజీయే: ఇద్దరి పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఫ్రేమ్ నంబరు, స్టిక్కర్ నంబరు, తేదీ, ఆయన సంతకం. ఫ్రేమ్ నంబరు సాధారణంగా సీటు కింది గొట్టం మీదో, పెడల్స్ దగ్గర అడుగునో ఉంటుంది. దుమ్ము తుడిచి, ఒక్కో అంకె సరిచూసుకుని రాయండి.

3. ఆ కాగితం, మీ జైర్యూ కార్డు, సైకిల్ తీసుకుని షాపుకి వెళ్లండి. ఫీజు ప్రిఫెక్చర్‌ని (మన రాష్ట్రంలాంటిది) బట్టి మారుతుంది, చాలాచోట్ల 600 యెన్‌ల ప్రాంతంలో ఉంటుంది.

ఆయన వచ్చే నెల ఇండియా వెళ్లిపోతున్నారన్నారుగా, మొదటి రెండూ ఈ వారమే ముగించండి.