చెన్నైలో చూడాల్సిన చోట్లు అడిగావు కదా

తమ్ముడూ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన వ్యాసం రెండూ చదివాను. ఒంగోలు నుంచి ఉద్యోగానికొచ్చి, షోలింగనల్లూరులో హాస్టల్ గదిలో ఉంటూ, సెలవు రోజుల్లో పడుకోకుండా ఊరు తిరుగుతున్నావు, తిరిగిందంతా తెలుగులో రాయాలనుకుంటున్నావు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఎందుకంటే చెన్నై గురించి తెలుగులో వచ్చేవి ఎక్కువగా పాత సినిమా రోజుల జ్ఞాపకాలే, ఇవాళ్టి ఊరిని చూసి రాసేవాళ్లు తక్కువ. "ఇంకా ఏయే చోట్లు చూడమంటారన్నా, మీకు ఇష్టమైనవి చెప్పండి" అన్నావు. చెప్తాను, కానీ ముందు నీ వ్యాసం సంగతి.

మెరీనా, మైలాపూరు, జార్జి కోట, మ్యూజియం, టి.నగర్, గిండీ పార్కు, అడయారు దగ్గర బ్రోకెన్ బ్రిడ్జి, అన్నీ ఒకే వ్యాసంలో పెట్టేశావు. ఒక్కోదానికి నాలుగైదు వాక్యాలు, ఎప్పుడు కట్టారు, ఎంత పొడవు, దగ్గర్లో ఏం తినొచ్చు. తప్పులేం లేవు. కాకపోతే ఆ వాక్యాలు రాయడానికి నువ్వు చెన్నైలో ఉండక్కర్లేదు, ఒంగోల్లో కూర్చుని ఫోన్లో చూసి కూడా రాయొచ్చు. నువ్వు నిజంగా అక్కడ నిలబడ్డావని నాకు తెలిసింది ఒక్క దగ్గరే. మెరీనాలో బజ్జీల బండి ఆవిడ చినుకు పడగానే బాండీ మీద పళ్లెం బోర్లించి, కోసిపెట్టిన అరటికాయ ముక్కల మీద గోనెసంచి కప్పి, ఒక చేత్తో ఆ పనంతా చేస్తూనే రెండో చేత్తో చిల్లర లెక్కపెట్టి ఇచ్చిందని రాశావు చూడు, అక్కడ. ఆ ఒక్క వాక్యం చూసే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఏ చోటుకైనా ఒక పనివేళ ఉంటుంది. ఆ వేళకి వెళ్లు, వెళ్లి అక్కడ ఎవరేం చేస్తున్నారో చూడు, నాకు తెలిసింది ఇంతే. దీన్ని నాకంటే బాగా చెప్పే రాయి ఒకటి ఎగ్మూరులో ఉంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

పాంథియన్ రోడ్డులో ప్రభుత్వ మ్యూజియం ఉంది కదా, 1851లో పెట్టింది. నువ్వు దాని గురించి "చోళుల కంచు విగ్రహాలు అద్భుతం" అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. కంచు విగ్రహాలు అద్భుతమే, ఎవరూ కాదనరు. కానీ గుంటూరు జిల్లా పక్కనుంచి వచ్చిన కుర్రాడివి, అమరావతి స్తూపం శిల్పాలున్న గదిలోకి వెళ్లకుండా ఎలా వచ్చేశావు? 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసుకి తెప్పించిన రాళ్లవి, అందులో చాలావరకు తర్వాత లండన్ వెళ్లిపోయాయి, మిగిలినవాటితో పాటు ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికినవి కొన్ని ఇక్కడున్నాయి. పాలరాయి అంటారు గానీ అది పల్నాటి సున్నపురాయి. అక్కడ గుండ్రటి ఫలకం ఒకటి ఉంటుంది, నలగిరి అనే ఏనుగు కథ. దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించాలని రాజగృహం వీధిలోకి మదపుటేనుగుని వదిలిస్తాడు, అది బుద్ధుడి ముందుకొచ్చి మోకరిల్లుతుంది. కథ ఇంతే. చెక్కినవాడు ఏం చేశాడంటే, ఒకే వృత్తంలో ఒకే ఏనుగుని రెండుసార్లు పెట్టాడు, ఒకవైపు మనుషుల మీద పడి తొక్కుతూ, ఇంకోవైపు వంగి బుద్ధుడి కాళ్ల దగ్గర. మిగతా చోటంతా వీధిలో జనానికిచ్చాడు. మేడ కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్లు, భయంతో వెనక్కి ఒరిగిపోయిన ఆడమనిషి, ఆమెని పట్టుకున్నవాళ్లు. బుద్ధుడి కోసం వెళ్లినవాడివి ఆ కిటికీల దగ్గరే ఆగిపోతావు. పద్దెనిమిది పందొమ్మిది వందల ఏళ్ల కిందటి మన తెలుగు నేల మీది శిల్పి, ఒక ఊరి వీధిలో ఏదైనా జరిగితే అది జరిగిందని చూపించడానికి చూసినవాళ్లని చెక్కాలని తెలిసినవాడు. నువ్వు వీధి గురించి రాసేటప్పుడు ఆ ఫలకం ముందు నిలబడి రాసినట్టు రాయి.

పక్కనే కన్నిమరా లైబ్రరీ. 1896లో తెరిచారు. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ చట్టప్రకారం చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి, అంటే రేపు నీ పుస్తకం వచ్చినా ఒక కాపీ అక్కడికి పంపాలి. పాత తెలుగు పత్రికలు, పుస్తకాలు ఏమున్నాయో అక్కడి వాళ్లని అడిగి, ఈ ఊళ్లో ఉండి రాసినవాళ్లు ఈ ఊరిని ఎలా రాశారో చదువు. మొహమాటపడకు, అడిగితే చెప్తారు.

జార్జి టౌన్‌కి ఆదివారం వెళ్లానన్నావు, అందుకే "పాత భవనాలు, మూసిన షట్టర్లు" తప్ప నీకేమీ కనపడలేదు. అక్కడికి పనిరోజు వెళ్లాలి, ఒక పూట లీవు పెట్టి అయినా సరే, పదకొండింటికి ప్యారీస్ కార్నర్లో దిగి గొడౌన్ వీధిలోకి తిరుగు, అంతా బట్టల తానులు. ఆండర్సన్ వీధి మొత్తం కాగితం, పెళ్లి శుభలేఖలు. నైనియప్ప నాయకన్ వీధిలో మందుల సరుకు, రసాయనాలు, ఆసుపత్రి సామాన్లు. ఒక్కో వీధికి ఒక్కో సరుకు, ఒక్కో వాసన, ఒక్కో రకం మోత. ఆ సందుల్లోకి లారీ దూరదు కాబట్టి సరుకంతా మూడు చక్రాల బళ్ల మీద, మనుషుల నెత్తి మీద వెళ్తుంది, బండివాడు ముందు చక్రం గోతిలో దిగకుండా ఒక కాలు నేల మీద ఈడుస్తూ బరువుని ఎలా తిప్పుతాడో ఒక మూల నిలబడి చూడు, దారికి మాత్రం అడ్డం నిలబడకు, వాళ్లకి అది కూలి దొరికే టైము. సాయంత్రమయ్యాక మింట్ వీధికి వెళ్లు. ఈస్టిండియా కంపెనీ వాళ్ల టంకశాల ఉన్న వీధి. షావుకారుపేటలో మార్వాడీ, గుజరాతీ, తమిళం, తెలుగు అన్నీ ఒకే కొట్లో వినిపిస్తాయి, జిలేబీలు వేడివేడిగా దొరుకుతాయి, మురుకుల మధ్య కూరముక్కలు పెట్టి శాండ్‌విచ్ చేస్తారు, తినాల్సిందే. తిన్నదాని గురించి మాత్రం ఒక వాక్యం మించి రాయకు. తిండి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

కోట గురించి నువ్వు రాసింది సరిపోతుంది. ఒక్కటి కలుపు. 1639లో ఆ ఇసకనేల కంపెనీ వాళ్లకిచ్చినది దామర్ల వెంకటాద్రి నాయకుడు, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అంటారు. అయితే ఇది చెప్పి అక్కడితో ఆపు. మనవాళ్లు ఈ సంగతి రాగానే "మద్రాసు మనదే" అని మొదలుపెట్టి ఒకటే నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు నీ తరానిది కాదు, అరువు తెచ్చుకోకు. దాని వెనక ఉన్న బాధ ఏమిటో తెలుసుకోవాలంటే మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారి స్మారకం ఉంది, వెళ్లి కాసేపు కూర్చో. 1952 అక్టోబర్ 19న మొదలుపెట్టిన నిరాహారదీక్షలో, డిసెంబర్ 15న ఆయన ప్రాణం పోయింది అక్కడే, బులుసు సాంబమూర్తి గారింట్లో. ఎవరో ఒకరు వచ్చి దండం పెట్టుకుని పోతుంటారు. వాళ్లెవరో, ఎందుకొచ్చారో కనుక్కుంటే అదే పెద్ద కథ. అక్కణ్ణుంచి లజ్ వైపు వెళ్తే నాగేశ్వరరావు పార్కు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు. పొద్దున్నే నడకకొచ్చే పెద్దవాళ్లలో సగంమందికి ఆయనెవరో తెలియకపోవచ్చు, అయినా ఆ పేరు రోజూ పలుకుతారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు చెప్తాను, నవ్వకు. మైలాపూరులో తిరుమయిలై రైల్వే స్టేషన్ కింద మురుగు కాలువ ఒకటి ఉంటుంది. ముక్కు మూసుకుని దాటేస్తారు జనం. అది బకింగ్‌హామ్ కాలువ. 1806లో ఎన్నూరు వైపు మొదటి ముక్క తవ్వారు, తర్వాత పెంచుకుంటూ పోయారు, 1877-78 కరువులో తిండి లేని జనానికి పనిగా తవ్వించి అప్పటి గవర్నర్ పేరు పెట్టారు. కృష్ణా, గోదావరి డెల్టా కాలువలతో కలిసి కాకినాడ దాకా పడవలు నడిచిన దారి ఇది. మన వైపు నుంచి ధాన్యం, శ్రీహరికోట అడవి నుంచి వంటచెరకు పడవల్లో వచ్చి ఈ ఊరి పొయ్యిలు వెలిగేవి. ఇప్పుడు రైలు మార్గం స్తంభాలు నీళ్లలోనే దిగి ఉంటాయి, పైన రైలు పోతుంటే కింద నల్లటి నీళ్లు కదలవు. ఇంకో సంగతి, నువ్వు షోలింగనల్లూరు నుంచి బీచ్ వైపు పోతూ వంతెన దాటతావే, అది కూడా ఇదే కాలువ. మీ ఒంగోలుకి తూర్పున, సముద్రానికి ఇవతల ఉన్నదీ ఇదే. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడ గట్టు మీద నిలబడి చూసి, మళ్లీ ఇక్కడికొచ్చి తిరుమయిలై దగ్గర చూసి, రెండూ కలిపి రాయి. ఈ వ్యాసం నువ్వు రాయగలవు, మా పెరంబూరులో పుట్టిన పిల్లలు రాయలేరు, ఎందుకంటే వాళ్లకి ఆ రెండో కొస తెలియదు. అక్కడి పెద్దవాళ్లలో పడవల్ని కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉంటే ఈ సంక్రాంతికే పట్టుకోవాలి, ఆలస్యం చేయకు.

కోయంబేడు కూడా ఒకసారి. 1996లో తెరిచిన మార్కెట్టు, అంతకుముందు ఇదంతా జార్జి టౌన్ కొత్వాల్ చావడిలో జరిగేది. తెల్లవారుజామున నాలుగింటికల్లా అక్కడుండాలి, ఆంధ్రా నుంచి వచ్చిన లారీల డ్రైవర్లు టీ బండ్ల దగ్గర తెలుగులోనే కబుర్లు చెప్పుకుంటుంటారు. పూల వైపు వెళ్లి ఒక్క మల్లెపూల బస్తాని ఎంచుకుని దాని వెంట పడు. అక్కడ కిలోల్లో తూకం వేసిన పువ్వు, పొద్దెక్కేసరికి మైలాపూరు గుడి దగ్గర పూలమ్మే ఆవిడ మోచేతి దగ్గర మూరల్లోకి మారుతుంది, ఆవిడ వేలి కొస నుంచి మోచేయి దాకా దండ చాచి, ఇంకో రెండు పువ్వులు కొసరుగా వదిలి దారం తెంపుతుంది. ముహూర్తాల రోజు రేటు ఎందుకు పెరిగిందో, మధ్యలో ఎవరికెంత మిగిలిందో అడుగు. ఈ దారి మొత్తం రాస్తే ఊరు దానంతటదే వచ్చేస్తుంది.

మెరీనా, ఐస్ హౌస్, టి.నగర్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, చాలామంది రాశారు. ధనుర్మాసంలో మాత్రం సంగీత సభలకి వెళ్లు. సాయంత్రం పెద్దవాళ్ల కచేరీలకి టికెట్టు ఉంటుంది, మధ్యాహ్నం కుర్రవాళ్లు పాడేవి చాలాచోట్ల ఉచితం. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్ల త్యాగరాజస్వామి కీర్తన పాడుతుంటే, ముందు వరసలో తమిళ పెద్దాయన ప్రతి మాటకీ పెదవి కదుపుతుంటాడు. మనం ఊరికే విని వచ్చేస్తే సరిపోదు, ఆయన పక్కన కూర్చుని, కచేరీ అయ్యాక పలకరించు.

రాయడం గురించి కొంచెం. తమిళం రాదని టెన్షన్ పడకు, వచ్చిన నాలుగు ముక్కలతోనే అడుగు, వచ్చీరాని తమిళంలో అడిగినవాడికి జనం ఇంకా విడమరిచి చెప్తారు. ముందు ఫోన్ తీయకు. మనుషుల మధ్య కెమెరా పెట్టగానే వాళ్లు పని ఆపేసి నిలబడతారు, నీకు కావాల్సింది ఆ పనే. పేర్లు, ఫొటోలు అడక్కుండా వాడకు. అదే రాత్రి, హాస్టల్‌కి వెళ్లి స్నానం కూడా చేయకముందే, విన్న మాటలు విన్నట్టు రాసి పెట్టుకో. తేదీలు, కొలతలు తర్వాతైనా దొరుకుతాయి. నీ వ్యాసంలో "కిటకిటలాడే", "సందడిగా ఉండే", "చారిత్రక ప్రసిద్ధి గాంచిన" అనే మాటలు కొట్టేసి చూడు, వాటి వెనక నువ్వు చూడకుండా వదిలేసినవి కనపడతాయి. చదివినవాటిని ఎంత వాడాలంటావా, ఎదురుగా ఉన్నదాన్ని అర్థం చేయించడానికి కావాల్సినంత. కాలువకి కరువు సంగతి కావాలి, బజ్జీల బండికి మెరీనా పొడవు అక్కర్లేదు.

అన్నీ ఒకేసారి పెట్టుకోకు. ముందు మ్యూజియం. శుక్రవారం సెలవు, శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి తెరవగానే వెళ్లు, జనం తక్కువుంటారు. అమరావతి శిల్పాల గది తెరిచి ఉందో లేదో టికెట్ కౌంటర్లోనే అడుగు. ఆ ఒక్క ఫలకం ముందు గంట నిలబడి, రెండు పేజీలు రాసి నాకు పంపు. కిటికీల్లో ఎంతమంది ఉన్నారో, ఒక్కొక్కరూ ఎటు చూస్తున్నారో రాయడం మర్చిపోకు. అది చదివాక కాలువ గురించి మాట్లాడుకుందాం.

ప్రేమతో,
మీ అన్న
పెరంబూరు, చెన్నై